మోకాలిలో ఎంత మిగిల్చారో కాగితం మీద రాయించండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో మోకాలి కీహోల్ శస్త్రచికిత్సల గురించి ఈమధ్య వచ్చిన వ్యాసంలో ‘చిరిగిన గుజ్జును తీసేస్తారు, మర్నాడే నడవవచ్చు’ అన్న వాక్యం ఒకటుంది. పెద్దవాళ్ళ మోకాళ్ళలో వచ్చే కొన్ని చిన్న చిరుగుల వరకు ఆ మాట చెల్లుతుందేమో గానీ, పుట్టుకతోనే ఆ గుజ్జు ఆకారం తేడాగా ఉన్న పిల్లల తల్లిదండ్రులు దాన్ని చదివి నమ్మితే చాలా నష్టపోతారు. నేను వైద్యుణ్ణి కాను. ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, ప్రస్తుతం కోనసీమలో మా ఊళ్ళోనే విశ్రాంత జీవితం గడుపుతున్నాను. అయితే ఆ గుజ్జును పూర్తిగా తీసేసిన కుడి మోకాలితో నలభై ఏళ్ళకు పైగా నేను నడుస్తున్నాను. నా మనవరాలి మోకాలిలో అదే గుజ్జును నిలబెట్టిన శస్త్రచికిత్స నిరుడు జరిగినప్పుడు దగ్గరే ఉన్నాను. అందువల్ల ఈ ఉత్తరం రాసే అర్హత కొంత ఉందనుకుంటున్నాను.

ముందుగా మాట సంగతి. మన వైపు మోకాలి లోపల ఉన్నదంతా గుజ్జే. నిజానికి అక్కడ ఉన్నవి రెండు వేర్వేరు వస్తువులు. ఎముకల చివర్లకు నున్నటి పూతలా అంటుకొని ఉండే మృదులాస్థి ఒకటి. పై ఎముకకూ కింది ఎముకకూ నడుమ లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి చొప్పున ఉండే నెలవంక ఆకారపు మెత్తలు రెండోవి. ఈ మెత్తలనే వైద్యులు మెనిస్కస్ అంటారు. నీళ్ళ బిందె కింద పెట్టే చుట్టకుదురును తలచుకుంటే వీటి పని ఇట్టే తెలుస్తుంది. బిందె అడుగు గుండ్రన, నేల బల్లపరుపు. కుదురు లేకపోతే బిందె బరువంతా ఒకే చోట పడుతుంది, బిందె దొర్లుతుంది. మోకాలిలో తొడ ఎముక చివర గుండ్రంగా ఉంటుంది, కింది ఎముక పైభాగం ఇంచుమించు చదునుగా ఉంటుంది. ముఖ్యంగా బయటివైపున పడే బరువులో సుమారు 70 శాతాన్ని అక్కడి మెనిస్కసే మోస్తుందని లెక్క.

కొందరికి పుట్టుకతోనే ఈ కుదురు నడుమ ఖాళీ ఉండదు. నెలవంకకు బదులు అట్టులాగా మందంగా, వెడల్పుగా, పళ్ళెంలా ఏర్పడుతుంది. దీన్ని డిస్కాయిడ్ మెనిస్కస్ అంటారు. దాదాపు ఎప్పుడూ బయటివైపు మెత్తకే ఈ లోపం వస్తుంది, లోపలివైపుకు రావడం బహు అరుదు. 1889లో యంగ్ అనే ఆయన ఒక మృతదేహంలో దీన్ని చూసి మొదట నమోదు చేశారు. ఐరోపా, అమెరికాల కన్నా ఆసియా దేశాల్లో, అందులోనూ జపాన్, కొరియాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మా బంధువు ఒకావిడ, గ్రహణం రోజున మా అమ్మాయి కూరలు తరిగి ఉంటుందని, అందుకే బిడ్డకు ఇలా అయిందని అనేసింది. స్మిల్లీ అనే శస్త్రవైద్యుడు కూడా 1948లో కారణం గర్భంలోనే వెతికారు. పిండదశలో అందరికీ ఈ మెత్త పళ్ళెంలాగే ఉండి తర్వాత నడుమ భాగం కరిగిపోతుందని, కరగనివారికి ఈ లోపం మిగులుతుందని ఆయన వాదం. 1957లో కాప్లాన్ అనే మరో శస్త్రవైద్యుడు పిండాలను పరిశీలించి, ఏ దశలోనూ అది పళ్ళెం ఆకారంలో ఉండదని తేల్చారు. తల్లి చేసిన తప్పేమీ ఇందులో లేదన్నది మాత్రం ఖాయం. ఆ మాట మా అమ్మాయికి నచ్చజెప్పడానికే మాకు నెల పట్టింది.

మా మనవరాలికి ఆరేళ్ళప్పుడు మొదలైంది. కాలువ రేవు మెట్లు దిగుతుంటే కుడి మోకాలు ‘టక్కు’మనేది. నొప్పి లేదు. ఆ పిల్ల దాన్ని ఆటగా తీసుకొని తోటిపిల్లలకు వినిపించేది. ఏడాది తర్వాత పరుగెత్తితే కుంటడం, సాయంత్రానికి మోకాలు కాస్త ఉబ్బడం కనిపించాయి. మా ఇంట్లో దాన్ని మొదట కనిపెట్టింది మా ఆవిడ. ఆదివారం నలుగు పెట్టడానికి పిల్లను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ మోకాలి కింద చెయ్యి దూర్చబోతే దూరలేదు. కాలు చాపకు అంటుకొని ఉంది. కుడి మోకాలి కింద మాత్రం అరచెయ్యి సులువుగా లోపలికి వెళ్ళిపోయింది. ‘కాలు బాగా చాపవే’ అంటే, ‘చాపాను కదా అమ్మమ్మా’ అన్నది. అదే అసలైన ఆనవాలు అని, మోకాలు పూర్తిగా చాచలేకపోవడం, బయటివైపు కీలు గీత మీద నొక్కితే నొప్పి, చాచేటప్పుడు వచ్చే ఆ శబ్దం ఈ మూడూ కలిస్తే బయటి మెనిస్కస్‌ను అనుమానించాలని, రెండేళ్ళ తర్వాత గాని మాకు తెలిసిరాలేదు.

ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో క్లుప్తంగా చెబుతాను. నరం పట్టిందని ఒకరు కోడిగుడ్డు తెల్లసొనతో పసరు కట్టు కట్టారు. విరిగిన చేతులకు కట్టు కట్టే మనవాళ్ళ అనుభవం మీద నాకు చులకన లేదు గానీ, కీలు లోపలి మెత్త ఆకారాన్ని ఏ కట్టూ మార్చలేదు. ఆ తర్వాత పట్టణంలో ఒక వైద్యుడు ఎక్స్‌రే చూసి ‘ఎముక శుభ్రంగా ఉంది, ఎదుగుదల నొప్పులు’ అన్నారు. మెనిస్కస్ ఎక్స్‌రేలో కనిపించదు. బయటివైపు ఎముకల మధ్య సందు మామూలు కన్నా వెడల్పుగా ఉండటం, తొడ ఎముక చివర గుండ్రదనం తగ్గి నలుచదరంగా ఉండటం వంటి పరోక్ష గుర్తులు ఉండవచ్చు. వెతికితేనే అవి కనిపిస్తాయి, ఒక్కోసారి వెతికినా కనిపించవు. చివరికి ఎమ్మారై తీయించాం. ఐదు మిల్లీమీటర్ల మందాన తీసిన పక్కపక్క ముక్కల్లో మామూలు మోకాలికైతే ఒకటి రెండింటిలో మాత్రమే మెనిస్కస్ ముందు కొమ్ము, వెనక కొమ్ము కలిసి డమరుకంలా కనిపిస్తాయి. మూడు, అంతకు మించి వరుస ముక్కల్లో ఆ డమరుకం కనిపిస్తే నడుమ ఖాళీ లేదని అర్థం. మామూలుగా 12 మిల్లీమీటర్ల దాకా ఉండే వెడల్పు 15 దాటడం కూడా గుర్తే. మా పిల్లకు ఈ గుర్తులన్నీ ఉన్నాయి. పైగా వెనక భాగంలో చిరుగు కూడా ఉంది.

మేము మొదట చూపించుకున్న ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు ఫిల్ములు లైటుకు ఎత్తి చూసి, ‘మొత్తం తీసేస్తే పీడ విరగడ, వారంలో బడికి పంపొచ్చు’ అన్నారు. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, ఆయనకు చెడ్డ ఉద్దేశం ఉందనీ అనను. కానీ ‘మొత్తం’ అన్న ఆ మాట దగ్గర నా కుర్చీ కదిలింది.

ఎందుకంటే 1981 సంక్రాంతి కబడ్డీలో నా మోకాలు మెలిపడి బిగుసుకుపోతే, ఒక పెద్ద ఊరి ఆసుపత్రిలో నాకూ సరిగ్గా అదే చేశారు. మూడంగుళాల కోత పెట్టి బయటివైపు మెనిస్కస్‌ను పూర్తిగా తీసేశారు. అప్పటి వైద్యులను నేను తప్పుపట్టను. 1897లో బ్లాండ్ సట్టన్ అనే శస్త్రవైద్యుడు ఈ మెత్తలను కాలి కండరాల నుంచి మిగిలిపోయిన పనికిరాని అవశేషాలని రాశారు. ఆ నమ్మకం దశాబ్దాల పాటు శస్త్రవైద్యుల చేతుల్ని నడిపించింది. మెనిస్కస్ తీసేసిన మోకాళ్ళ ఎక్స్‌రేల్లో సందు ఇరుకు కావడం, ఎముక అంచు పెరగడం వంటి మార్పులు వస్తున్నాయని ఫెయిర్‌బ్యాంక్ అనే శస్త్రవైద్యుడు 1948లోనే చూపించినా, ఆ సంగతి అన్ని ఆపరేషన్ గదులకూ చేరడానికి చాలా కాలం పట్టింది. విచిత్రమేమిటంటే, చిరిగిన మెనిస్కస్‌ను కోసి పారేయకుండా తిరిగి కుట్టవచ్చని ఎడిన్‌బరోలో థామస్ అన్నండేల్ 1883లోనే చేసి చూపించారు. ఒక పని సాధ్యమని తెలిసిన వందేళ్ళకు గాని అది అలవాటు కాలేదు.

నా మోకాలు మొదటి పదిహేనేళ్ళూ బాగానే ఉంది. ఈల పట్టుకొని మైదానమంతా పరుగెత్తాను. ‘మెత్త తీసేశారు, అయినా నాకేమైంది’ అని గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ తర్వాత వాపు మొదలైంది, ఆపై మెట్లు దిగడం కష్టమైంది. బయటివైపు మెత్త పోయిన మోకాలు క్రమంగా లోపలికి వాలుతుంది. ఇప్పుడు నడిస్తే నా రెండు మోకాళ్ళూ ఒరుసుకుంటాయి. ఇరవై నాలుగేళ్ళకు తీసేస్తేనే ఇలా ఉంటే, ఎనిమిదేళ్ళ పిల్లకు తీసేస్తే ఎన్నేళ్ళకు ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. చిన్న వయసులో పూర్తిగా తీసేసిన కొందరు పిల్లల్లో తొడ ఎముక చివర పూత ఎముక ముక్కతో సహా ఊడివచ్చే పరిస్థితి ఏర్పడటం కూడా వైద్య గ్రంథాల్లో ఉంది.

రెండో అభిప్రాయం కోసం వేరే ఊళ్ళో పిల్లల కీళ్ళ శస్త్రవైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కాగితం మీద పళ్ళెం ఒకటి గీసి, నడుమ గుండ్రంగా సున్న చుట్టి, ‘ఈ నడుమ భాగం తీస్తాను, అంచు ఉంచుతాను, మళ్ళీ నెలవంక చేస్తాను’ అన్నారు. అది విని మా ఆవిడ ‘కుదురు చేస్తారన్నమాట’ అంది. ఈ పద్ధతికి సాసరైజేషన్ అని పేరు. బయటి అంచు వెంబడి ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు మిగలాలన్నది ఇప్పుడు ఎక్కువమంది పాటించే లెక్క. దానికన్నా తక్కువ మిగిలితే బరువు మోయలేదు, ఎక్కువ మిగిల్చితే మళ్ళీ చిరుగుతుంది. మన పత్రికల్లో రావలసింది ఈ కొలత.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. జపాన్‌కు చెందిన శస్త్రవైద్యుడు మసాకి వాతనాబే ఈ లోపాన్ని మూడు రకాలుగా విభజించారు. మోకాలిలోకి గొట్టం పంపి, పెద్ద కోత పెట్టకుండా మెనిస్కస్‌లో కొంత భాగాన్ని 1962లో మొదటిసారి తీసింది కూడా ఆయనే. వాతనాబే చెప్పిన మొదటి రెండు రకాల్లో మెత్త కింది ఎముకను పూర్తిగా కప్పుతుంది, లేదా కొంతమేర కప్పుతుంది. మూడో దానికి రిస్‌బర్గ్ రకమని పేరు. అందులో మెత్త వెనక భాగానికి కింది ఎముకతో ఉండవలసిన కట్టు ఉండదు. రిస్‌బర్గ్ అనే స్నాయువు ఒక్కటే దాన్ని పై ఎముకకు పట్టి ఉంచుతుంది. కాలు చాచినప్పుడల్లా ఆ మెత్త జారి వెళ్ళి, మళ్ళీ చోటికి వస్తూ టక్కుమంటుంది. ఇలాంటి మోకాలిలో నడుమ భాగం ఎంత చక్కగా తీర్చినా అంచును కుట్టకపోతే శబ్దం పోదు, నొప్పీ పోదు. రకం ఏదైనా అంచు వదులుగా ఉందేమో కొక్కెంతో లాగి చూశాకే కత్తెర పెట్టాలని ఆవిడ అన్నారు. ఇంకా అరుదుగా, లోపలి అంచు కూడా కలిసిపోయి పూర్తి ఉంగరంలా ఉన్న మెనిస్కస్‌లు, ఒకదాని మీద ఒకటిగా రెండు పొరలున్నవి కనిపిస్తాయట. ఉంగరం రకాన్ని స్కాన్‌లో చూసి బకెట్ పిడిలా చిరిగి మడతపడిందని పొరపడటం జరుగుతుంది. అలా పొరపడి కోసేస్తే, మంచి మెత్త చేజేతులా పోయినట్టే.

ఆపరేషన్ రోజు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు గానీ, తర్వాత తెర మీద రికార్డు చూపించారు. ఉప్పునీటితో నిండిన మోకాలి లోపల, లేత కొబ్బరిలా తెల్లగా మెరుస్తున్న మెత్త తెరంతా పరుచుకొని ఉంది. కింది ఎముక కనిపించనే లేదు. చిన్న పక్షిముక్కు లాంటి పనిముట్టుతో ఆవిడ నడుమ నుంచి కొంచెం కొంచెంగా కొరుకుతూ వచ్చారు. కొరికినప్పుడల్లా తెల్లటి తునకలు నీళ్ళలో తేలి గొట్టంలోకి వెళ్ళాయి. కాసేపటికి అడుగున ఎముక మీది నున్నటి పూత బయటపడింది. ఆ తర్వాత కొలత ఉన్న కొక్కేన్ని అంచు మీద ఆనించి, ముందువైపు ఒకసారి, నడుమ ఒకసారి, వెనక ఒకసారి కొలిచారు. వెనక చిరుగుకు మూడు కుట్లు పడ్డాయి. పాదాన్ని పైకెత్తే నరం మోకాలి వెనక బయటివైపుగా వెళుతుంది కాబట్టి, సూదులు బయటికి తెచ్చేచోట చిన్న కోత పెట్టి ఆ నరాన్ని కాచుకోవలసి వచ్చిందని చెప్పారు. ఆ కొలిచే చెయ్యి మాత్రం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

‘మర్నాడే నడవవచ్చు’ అన్న మాట కుట్లు పడిన మోకాలికి వర్తించదు. మెనిస్కస్‌లో రక్తప్రసరణ బయటి అంచు దగ్గర మాత్రమే బాగుంటుంది. అంచు దగ్గర వేసిన కుట్టు అతకాలంటే వారాలు పడుతుంది. మా పిల్లకు ఆరు వారాలు పట్టీ, చంకకర్రలు. ఆ ఆరు వారాలూ మోకాలు తొంభై డిగ్రీలకు మించి వంచకూడదన్నారు. మఠం వేసుకొని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం నాలుగు నెలలు నిషేధం. కోనసీమ ఇళ్ళల్లో పెరడూ, నూతి గట్టూ, నేల మీద భోజనమూ ఉన్నచోట ఇది చెప్పినంత తేలిక కాదు. అప్పటికి వానలు కూడా. ఇంటి ముందు బురదలో కర్రలు దిగబడకుండా మా అల్లుడు బాటంతా కొబ్బరి డొక్కలు పరిచాడు. తొడ ముందు కండ సన్నబడిపోతే దాన్ని తిరిగి పెంచే వ్యాయామాలు నేనే పూటపూటా చేయించాను; అంతకాలం డ్రిల్లు చెప్పినందుకు అదొక్కటి అక్కరకు వచ్చింది. కుట్టడం ఆలస్యం, ఖర్చు, ఓర్పుతో పని. తీసేయడం త్వరగా అవుతుంది, పిల్ల త్వరగా నడుస్తుంది, తల్లిదండ్రులు సంతోషంగా ఇంటికి వెళతారు. ‘ఎన్నాళ్ళకు నడుస్తుంది’ అన్న ప్రశ్న ఒక్కటే అడిగితే మనకు దొరికే జవాబు ‘తీసేద్దాం’ అనే.

అలాగని పళ్ళెం ఆకారం కనిపించిన ప్రతి మోకాలినీ బల్ల ఎక్కించమని నేను అనడం లేదు. ఈ లోపం తరచు రెండు మోకాళ్ళలోనూ ఉంటుంది. మా పిల్ల ఎడమ మోకాలిలోనూ ఉంది. నొప్పి లేదు, పట్టేయడం లేదు, కాలు పూర్తిగా చాస్తుంది. కాబట్టి దాన్ని ముట్టుకోనని వైద్యురాలు ఖరాఖండిగా చెప్పారు. ‘ఎలాగూ మత్తు ఇస్తున్నారు కదా, రెండూ ఒకేసారి చేయించేస్తే పోలా’ అని సలహా ఇచ్చిన బంధువులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. బాధ పెట్టని డిస్కాయిడ్ మెనిస్కస్‌ను వదిలెయ్యడమే వైద్యం.

ఇక నా అసలు విన్నపం. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మొదట ‘కుడి మోకాలు, ఆర్థ్రోస్కోపీ, మెనిస్కస్ చికిత్స’ అన్న ఒక్క ముక్కే ఉంది. ఆర్థ్రోస్కోపీ అంటే కీలులోకి గొట్టం పంపి చూడటం. నా 1981 నాటి కాగితం బీరువాలో ఇంకా ఉంది. దాని మీద కూడా ‘మెనిస్కస్ తొలగించడమైనది’ అని ఒకే వాక్యం. నాకూ పుట్టుకతో ఇదే లోపం ఉండేదా, లేక మామూలు మెత్తే కబడ్డీలో చిరిగిందా అన్నది ఆ వాక్యం నుంచి ఈ జన్మలో తేలదు. అందుకే నేను వెనక్కి వెళ్ళి అడిగాను. ఆవిడ ఏమీ అనుకోకుండా కలం తీసుకొని ఏ రకం లోపమో, ముందు, నడుమ, వెనక ఎన్నేసి మిల్లీమీటర్ల అంచు మిగిలిందో, అంచు ఎక్కడ వదులుగా ఉందో, ఎన్ని కుట్లు ఎక్కడ పడ్డాయో, ఎముక పూత ఎలా ఉందో అయిదు వరుసల్లో రాసి సంతకం పెట్టారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పదేళ్ళ తర్వాత ఆ మోకాలు మళ్ళీ నొప్పి చేస్తే, చూసే కొత్త వైద్యుడికి ఈ అయిదు వరుసలే ఆధారం. ప్రభుత్వ పథకం కింద చేసినా, సొంత డబ్బుతో చేయించుకున్నా, మెనిస్కస్ మీద కత్తెర పెట్టిన ప్రతి రోగికీ ఇంత రాసి ఇవ్వడాన్ని తప్పనిసరి చేయాలని వైద్య ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. రోగులు అడగడం కూడా మొదలుపెట్టాలి.

బడుల సంగతి కూడా ఒకటి చెప్పాలి. పిల్లల పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వంకర పాదం, పుట్టుకతో తుంటి కీలు తొలగడం వంటివి చూస్తారు. పిల్లను బల్ల మీద పడుకోబెట్టి రెండు మోకాళ్ళ కింద అరచెయ్యి పెట్టి చూడటానికి పావు నిమిషం చాలు, దాన్ని కూడా కలిపితే బాగుంటుంది. తొంభైల్లో మా బడిలో ఒక కుర్రాడు డ్రిల్లు పీరియడులో వరసలో నిలబడి మోకాలు టక్కుమనిపించి పక్కవాళ్ళను నవ్విస్తుండేవాడు. క్రమశిక్షణ లేదని నేను వాణ్ణి రెండుసార్లు మైదానం చుట్టూ పరుగెత్తించాను. వాడిది కొంటెతనం కాకపోయి ఉండవచ్చని నాకు నిరుడు స్కాన్ గది బయట కూర్చున్నప్పుడు తట్టింది. అప్పటి నుంచి వాడి కోసం వాకబు చేస్తున్నాను. గల్ఫ్‌లో ఎక్కడో ఉన్నాడని మాత్రం తెలిసింది.

మీ వ్యాసంలోని ‘గుజ్జును తీసేస్తారు’ అన్న వాక్యాన్ని ‘వీలైనంత మిగిల్చి, అవసరమైతే కుడతారు’ అని సవరిస్తూ, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో ఒక వివరణ ప్రచురించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా.